స్కానర్ లీన్ అంటోంది, ప్లగ్గులు చూస్తే మసి! ఆక్సిజన్ సెన్సార్ రీడింగ్ ఎలా చదవాలి?

వనామీ_ఉండి:

అందరికీ నమస్కారమండి. కార్ల గురించి నాకు పెద్దగా తెలీదు. ఉండి దగ్గర పదకొండు ఎకరాల చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు పెంచుతాను. కారు 2014 మోడల్, 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, 91 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ చెరువు గట్ల మీద, భీమవరం బజార్లో తిరుగుడు. పదిహేను రోజులకోసారి చించినాడ వంతెన దాటి రాజోలు, మా అత్తగారింటికి.

రెండు నెలల నుంచి మైలేజీ 17 నుంచి 12న్నరకి పడిపోయింది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. మొదటి మెకానిక్ స్కానర్ పెట్టి పీ 0171 అన్నాడు, అంటే మిక్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అట. "ఆక్సిజన్ సెన్సార్ పోయిందండి" అని 3,800 తీసుకుని కొత్తది వేశాడు. లైట్ ఆరింది. ఐదో రోజు మళ్ళీ వెలిగింది. రెండో ఆయన ఇంజెక్టర్లు క్లీన్ చేశాడు, 1,500. వారం తిరక్కుండానే మళ్ళీ అదే లైట్. మూడో ఆయన "ఇంజిన్ దింపి చూడాలి" అన్నాడు. ఆ మాట వినగానే కారు స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.

ఇక లాభం లేదని 800 పెట్టి, కారు కంప్యూటర్‌లోని రీడింగులు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ తెప్పించుకుని ఫోన్లో నేనే చూస్తున్నాను. చూసినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. కారణం చెప్తాను. మాకు ఆక్సిజన్ కొత్త కాదండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చెరువులో డీఓ మీటరు (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) ముంచి చూడటమే మా బతుకు. 4 ఉంటే మళ్ళీ పడుకుంటాం, 3 కిందకి దిగితే ఉన్న ఏరియేటర్లన్నీ తిప్పుతాం. అంకె పెరిగితే ఆక్సిజన్ పెరిగినట్టు, తగ్గితే తగ్గినట్టు. కార్లో చూస్తే ముందు సెన్సార్ 0.1, 0.2 దగ్గరే పడి ఉంటోంది. అంటే ఆక్సిజన్ చాలట్లేదనేగా నాలాంటివాడు అనుకునేది? కోడ్ ఏమో గాలి ఎక్కువైంది అంటోంది. నిన్న ప్లగ్గులు నాలుగూ ఊడదీయిస్తే బొగ్గులా నల్లగా ఉన్నాయి. పెట్రోల్ ఎక్కువైతేనే అలా అవుతాయని మా డ్రైవర్ అన్నాడు. ముగ్గురు సాక్షులు, మూడు సాక్ష్యాలు.

ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిలింగ్‌లో రీడింగులు ఇవి: ముందు సెన్సార్ ఎక్కువసేపు 0.1 నుంచి 0.2 వోల్టులు, అప్పుడప్పుడు 0.7కి ఎగిరి దిగుతోంది. వెనక సెన్సార్ 0.2 చుట్టుపక్కల. షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ +9, లాంగ్ టర్మ్ +24. ఈ వోల్టుల్ని బట్టి గాలి, పెట్రోల్ ఎంత నిష్పత్తిలో వెళ్తున్నాయో ఎలా తెలుస్తుంది? సెన్సార్ మళ్ళీ మార్చాలా?


కోనసీమ_సీఎన్‌జీ:

అన్నా, నీకు వేసింది డూప్లికేట్ సెన్సార్ అయ్యుంటుంది. ఒరిజినల్ వేయించు, తగ్గిపోద్ది. ఇంకో మాట, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. నీ బండి 2014ది కాబట్టి దానికి పడట్లేదేమో. నాకూ ఇలాగే లైట్ వెలిగితే సెన్సార్ వైరు పీకేసి మూడు నెలలు అమలాపురం, కాకినాడ తిప్పాను. ఏమీ కాలేదు.


కార్బురేటర్_బాబాయ్ (రావులపాలెం):

సీఎన్‌జీ తమ్ముడూ, వైరు పీకితే ఏమీ కాలేదంటే నీకు కనపడలేదని అర్థం. ఆ మూడు నెలలూ బండి కళ్ళకి గంతలు కట్టుకుని నడిచింది. పొగని శుభ్రం చేసే నీ క్యాటలిటిక్ కన్వర్టర్ సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఉండి గారూ, ముందు ఆ సెన్సార్ జోలికి వెళ్ళకండి. ఇంకో పైసా కూడా పెట్టకండి. ముప్పై ఏళ్ళు కిందట స్క్రూ డ్రైవర్ పట్టుకుని, చెవితో విని కార్బురేటర్ సెట్ చేసిన వాణ్ణి. ఈ సెన్సార్ల భాష నాకూ లేటుగానే అబ్బింది. మీరు తికమకపడ్డ చోటే నేనూ పడ్డాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మీ డీఓ మీటరు నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో అంకె చెప్తుంది. కారు సెన్సార్ ఆ పని చెయ్యదు. అది రెండు వైపుల మధ్య తేడా చెప్తుంది. కాలవ లాకు తలుపు గుర్తు తెచ్చుకోండి. ఎగువన నీళ్ళు నిండుగా ఉండి, దిగువన ఎండిపోతే తలుపు మీద ఒత్తిడి ఎక్కువ. రెండు వైపులా మట్టం దగ్గర పడితే ఒత్తిడి తగ్గిపోతుంది. సెన్సార్ లోపల చిన్న జిర్కోనియా పింగాణీ ముక్క ఉంటుంది. దాని లోపలి వైపు బయటి గాలి, అంటే ఎప్పుడూ 21 శాతం ఆక్సిజన్. బయటి వైపు సైలెన్సర్ పొగ. పొగలో ఆక్సిజన్ దాదాపు అయిపోతే తేడా పెద్దది, 0.8, 0.9 వోల్టులు వస్తాయి. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే తేడా తగ్గి 0.1కి పడిపోతుంది. కాబట్టి మీకు అంకె తిరగబడింది. 0.1 అంటే పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉందని. దాన్నే లీన్ అంటారు. కోడ్, సెన్సార్ ఒకే మాట చెప్తున్నాయి. మీకు ముగ్గురు సాక్షులు లేరు, ఇద్దరే.

ఇది 300 డిగ్రీల పైన వేడెక్కితేనే సరిగ్గా పని చేస్తుంది. అందుకే లోపల హీటర్ పెడతారు. నాలుగు వైర్లలో రెండు హీటర్‌వే. చల్లగా ఉన్నప్పుడు చాలా బండ్లలో కంప్యూటరే ఆ వైరు మీద 0.45 దగ్గర ఒక వోల్టేజి పెట్టి ఉంచుతుంది. కొంతమంది 0.45 కదలకుండా ఉంటే "ఆహా, మిక్చర్ పర్ఫెక్ట్" అనుకుంటారు. సెన్సార్ చచ్చినా, వైరు తెగినా చూపించేది కూడా అదే 0.45. బాగున్న సెన్సార్ ఒక చోట నిలవదు. వేడెక్కాక 0.1, 0.8 మధ్య ఊగుతూ ఉండాలి.

ఎందుకు ఊగుతుందంటే, పెట్రోల్‌కి సరిపడా గాలి బరువు లెక్కన 14.7కి 1. అక్కడికి పెట్రోల్ కొంచెం ఎక్కువైతే 0.8, కొంచెం తక్కువైతే 0.2. మధ్యలో మెట్లు లేవు, నిట్టనిలువు గట్టు. కంప్యూటర్ పెట్రోల్ కొంచెం పెంచుతుంది, 0.8 కనపడగానే తగ్గిస్తుంది, 0.2 కనపడగానే మళ్ళీ పెంచుతుంది. గెడ వేసే పడవ వాడు అటు ఒక తోపు, ఇటు ఒక తోపు వేసి పడవని తిన్నగా నడిపినట్టు. సగటున 14.7 దగ్గర నిలబడుతుంది. కాబట్టి వోల్టులు చూసి 13.9 అనో 15.2 అనో చెప్పలేం. ఎక్కువా తక్కువా అన్నంత వరకే ఆ సెన్సార్ చదువు.

అసలు కథ ట్రిమ్‌లలో ఉంటుంది. ట్రిమ్ అంటే సెన్సార్ మాట విని కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో. షార్ట్ టర్మ్ అప్పటికప్పుడు చేసేది, లాంగ్ టర్మ్ అలవాటు చేసుకున్నది. +24, +9 కలిపి +33. అంటే కంప్యూటర్ తన లెక్క ప్రకారం పొయ్యాల్సిన దానికి మూడో వంతు అదనంగా పోస్తోంది. అంత పోసినా సెన్సార్ ఇంకా లీన్ అంటూనే ఉంది. బాగున్న బండికి ఇది సున్నాకి అటూ ఇటూ ఉంటుంది, పది దాటితే నేను అనుమానిస్తాను. మూడో వంతు ఎక్కువ పోస్తే మైలేజీ పోక ఏమవుతుంది? ఈ20 వల్ల అన్న మాట కొట్టిపారేయను. ఈ20కి సరైన నిష్పత్తి సుమారు 13.5, ఈ10కి 14.1. కాబట్టి ట్రిమ్ నాలుగైదు పెరగడం సహజమే. 33 రాదు.

ఇప్పుడు నాకు మీ డ్రైవర్ మాట కావాలి. నిజంగా లీన్ అయిన ఇంజిన్‌లో ప్లగ్గులు తెల్లబడతాయి. మీవి నల్లగా ఉన్నాయి. అంటే సిలిండర్లోకి పెట్రోల్ నిజంగానే ఎక్కువ వెళ్తోంది, కానీ పొగలో ఆక్సిజన్ కూడా ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తేలితే మీ సమస్య తేలినట్టే. రెండు దారులున్నాయి. ఏదో సిలిండర్ మిస్సింగ్ కొడుతుంటే కాలని గాలి అలాగే బయటికొస్తుంది, సెన్సార్ పెట్రోల్‌ని చూడదు, ఆక్సిజన్నే చూస్తుంది. లేదా పొగ దారిలో, సెన్సార్ కంటే ముందే, ఎక్కడో బయటి గాలి దూరుతోంది.

నాకు ఇంకొన్ని రీడింగులు కావాలి. ఈ చౌక స్కానర్లు నెమ్మది, ఒకేసారి పది రీడింగులు పెడితే ఒక్కోటి రెండు సెకన్లకోసారి మారుతుంది, మీకు సెన్సార్ చచ్చినట్టు కనపడుతుంది. ఫోన్లో ఒకసారికి రెండే పెట్టుకోండి. ఇంజిన్ ఆపి తాళం మాత్రం ఆన్ చేసి మానిఫోల్డ్ ప్రెషర్, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారిలో ఒత్తిడి, ఎంతో చూడండి, మనది సముద్ర మట్టం కాబట్టి 100, 101 కిలోపాస్కల్ రావాలి. తర్వాత ఐడిలింగ్‌లో అదే ఎంత, ఆర్‌పీఎం ఎంత. 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం పట్టి ఉంచి ట్రిమ్‌లు ఎంత. చివరిగా, యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కితే సెన్సార్ ఎంతకి ఎగురుతుంది, గేర్లో ఉండగా కాలు తీసేస్తే ఎంతకి పడుతుంది.


అమలాపురం_బైకర్:

బాబాయ్, చిన్న డౌటు. నేను ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్, మెకానికల్. నెట్‌లో ఒక టేబుల్ దొరికింది, 0.8 వోల్టులంటే 13.8, 0.9 అంటే 12.5, అలా. నా కార్బురేటర్ బైక్‌కి పాత కారు సెన్సార్ ఒకటి వెల్డింగ్ చేయించి, మల్టీమీటర్ పెట్టి ఆ టేబుల్ చూసి జెట్లు (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల ముక్కలు) మారుద్దామనుకుంటున్నా. పని చేస్తుందా?


కార్బురేటర్_బాబాయ్ (రావులపాలెం):

చెయ్యదు బాబూ. గట్టు అంచు దాటి రిచ్ (పెట్రోల్ ఎక్కువ) వైపు వెళ్ళాక ఆ వోల్టేజి మిక్చర్ వల్ల కొంచెం, సెన్సార్ వేడి వల్ల చాలా మారుతుంది. అదే మిక్చర్‌కి సైలెన్సర్ కాస్త చల్లగా ఉంటే ఒక అంకె, ఎర్రగా కాలితే ఇంకో అంకె. ఆ టేబుల్ చూసి జెట్లు మార్చితే నువ్వు కొలిచేది మిక్చర్ కాదు, ఉష్ణోగ్రత. ఫుల్ త్రాటిల్‌లో నీకు కావాల్సింది 12.5, 13 మధ్య. అక్కడ తప్పు చదివి లీన్ చేసుకున్నావంటే పిస్టన్‌కి కన్నం పడుతుంది. మీ అమ్మగారు నన్ను తిడతారు.

నీ పనికి వైడ్‌బ్యాండ్ సెన్సార్ కావాలి. అందులో ఒక చిన్న గదిలోకి, గదిలోంచి ఆక్సిజన్‌ని తోడే పంపు ఉంటుంది, ఆ గదిని ఎప్పుడూ సరైన నిష్పత్తి దగ్గర ఉంచడానికి ఎంత కరెంటు పెట్టాల్సి వచ్చిందో దాన్ని బట్టి మిక్చర్ చెప్తుంది. లీన్ అయితే కరెంటు ఒక వైపు, రిచ్ అయితే రెండో వైపు, సరిగ్గా ఉంటే సున్నా. దాని కంట్రోలర్ 0 నుంచి 5 వోల్టులు ఇస్తుంది, కానీ ఎన్ని వోల్టులకి ఎంత అనేది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. కొన్న దాని పుస్తకం చదువుకో, వేరే వాళ్ళ లెక్క పెట్టకు.

ఇంకోటి గుర్తు పెట్టుకో. ఏ సెన్సారూ 14.7 అనే అంకెని చూడదు. ఉన్న గాలి కావాల్సిన గాలికి ఎన్ని రెట్లో చూస్తుంది. దాన్ని లాంబ్డా అంటారు. సరిగ్గా ఉంటే 1. గేజ్ మీద కనపడే 14.7 ఆ ఒకటిని 14.7తో గుణించి చూపించేదే. సీఎన్‌జీకి అసలు నిష్పత్తి 17.2, కానీ పెట్రోల్‌కి సెట్ చేసిన గేజ్ సీఎన్‌జీ బండి మీద కూడా 14.7 అనే చూపిస్తుంది, అది తప్పు కాదు. పైన మన సీఎన్‌జీ తమ్ముడు కూడా ఇది చదివితే బాగుండును. గ్యాస్ మీద నడుస్తున్నప్పుడు కిట్ సరిగ్గా ట్యూన్ కాకపోతే పెట్రోల్ ట్రిమ్‌లు పాడవుతాయి, పెట్రోల్ మీదకి మార్చగానే లైట్ వెలుగుతుంది. ఆ లైట్‌కి సెన్సార్ మార్చే వాళ్ళని చాలామందిని చూశాను.

సెన్సార్లు నిజంగా పోవని కాదు. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన 2022 జూలై వరద తర్వాత నెలన్నర నా షెడ్డులో ఇదే పని. లంకల్లోంచి వచ్చిన బండ్లు, కనెక్టర్ల నిండా ఒండ్రు. వేడిగా ఉన్న పింగాణీ మీద నీళ్ళు పడితే పగిలిపోతుంది. చాలా సెన్సార్లు లోపలి గాలిని వైరు సందుల్లోంచే పీల్చుకుంటాయి, అక్కడ బురద చేరితే లోపలి 21 శాతం పోయి తేడా తగ్గి ఎప్పుడూ లీన్ అనే చూపిస్తాయి. ఉండి గారి బండి నీళ్ళలో మునగలేదనుకుంటున్నాను.


వనామీ_ఉండి:

గురువుగారూ, మునగలేదండి. ఆ లాకు తలుపు మాటతో నాకు దీపం వెలిగినట్టైంది. మా ఊరి కాలవ మీద రోజూ చూసేదే, ఇన్నాళ్ళూ తట్టలేదు.

మీరు అడిగినవన్నీ చూశాను. తాళం ఆన్ చేసి ఇంజిన్ ఆపితే ప్రెషర్ 101. ఐడిలింగ్‌లో 32, ఆర్‌పీఎం 750, పెద్దగా అటూ ఇటూ కదలట్లేదు. ఐడిలింగ్‌లో ట్రిమ్‌లు పాతవే, కలిపి 33. 2,500 దగ్గర ఒక నిమిషం పట్టుకుంటే రెండూ కలిపి +11కి దిగాయి. అక్కడ సెన్సార్ చక్కగా 0.1, 0.8 మధ్య ఊగుతోంది.

యాక్సిలరేటర్ తొక్కగానే 0.84. కాలు తీసేసిన రీడింగ్ కోసం రాజోలు దాకా వెళ్ళాను. నవ్వకండి. మా వైపు అంతా సమతలం, దిగుడు అంటే వంతెన దిగుడే. చించినాడ వంతెన మీద నుంచి మూడో గేర్లో కాలు తీసి దిగుతుంటే 0.05కి పడింది. మా ఆవిడ ఫోన్ పట్టుకుని చదివింది. "సున్నా పాయింట్ సున్నా ఐదు, రోడ్డు చూడండి" అంది.

మిస్సింగ్ లేదండి. స్కానర్లో మిస్ ఫైర్ కోడ్ ఏదీ రాలేదు. ఇంకో సంగతి, మీరు అడగలేదు కానీ చెప్తున్నాను. తెల్లవారుజామున చెరువుకి బయలుదేరేటప్పుడు, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే బానెట్ కింద "టిక్ టిక్ టిక్" అని చిన్న శబ్దం. రెండు కిలోమీటర్లు వెళ్ళేసరికి పోతుంది. వాల్వ్‌లు అనుకుని వదిలేశాను.


కార్బురేటర్_బాబాయ్ (రావులపాలెం):

అదండీ! ఆ చివరి నాలుగు మాటలు మొదట్లోనే రాసుంటే నా రెండు పేజీలు మిగిలేవి.

సెన్సార్ బాగుంది. తొక్కితే 0.84కి ఎగిరింది, కాలు తీస్తే కంప్యూటర్ పెట్రోల్ ఆపేసింది, ఒట్టి గాలి వెళ్ళింది, 0.05కి పడింది. రెండు కొసలూ చూపించిన సెన్సార్‌ని పోయిందనడానికి లేదు.

ఇప్పుడు, ఐడిలింగ్‌లో 33, వేగం పెంచితే 11. ఈ లెక్క చూడగానే ఎవరైనా ఇంటేక్ వైపు, అంటే గాలి లోపలికెళ్ళే వైపు, వ్యాక్యూమ్ పైపు చీలిందంటారు. నాకూ ముందు అదే తట్టింది. కానీ మీ బండిలాంటివి గాలిని మానిఫోల్డ్ ప్రెషర్ బట్టి లెక్క కట్టుకుంటాయి. ఇంటేక్‌లో చిల్లి పడితే ప్రెషర్ పెరుగుతుంది, దానికి తగ్గ పెట్రోల్ అదే పోసుకుంటుంది, ఐడిలింగ్ 1,000, 1,200కి లేచిపోతుంది. మీది 32 దగ్గర, 750 దగ్గర కుదురుగా ఉంది. కాబట్టి ఇంటేక్ వైపు కాదు. పెట్రోల్ పంపు బలహీనమైతే వేగం పెంచినకొద్దీ ట్రిమ్ పెరగాలి, మీకు తగ్గుతోంది. అదీ కాదు.

మిగిలింది ఎగ్జాస్ట్, అంటే పొగ దారి. సిలిండర్ హెడ్‌కీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ మధ్య ప్యాకింగ్ ఎక్కడో కాలిపోయింది, లేదా దాన్ని బిగించే స్టడ్డు వదులైంది. పొగ బయటికి రావాలి కదా, గాలి లోపలికి ఎలా వెళ్తుంది అంటారు. పొగ ఏకధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఒక దెబ్బ వెళ్ళిన వెంటనే దాని వెనక క్షణకాలం పీలుపు ఉంటుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ పీలుపులో బయటి గాలి సందులోంచి దూరి సెన్సార్ ముందుకి పోతుంది. వేగంగా తిరిగేటప్పుడు దెబ్బలు దగ్గరపడి, పొగ ఎక్కువై, దూరే గాలి వాటా తగ్గిపోతుంది. అందుకే 33 కాస్తా 11. ఆ టిక్ టిక్ అదే సందులోంచి వచ్చే శబ్దం, ఇనుము వేడికి పెరిగి సందు మూసుకుంటే ఆగుతుంది, పూర్తిగా మూసుకోదు. దూరిన గాలిని చూసి సెన్సార్ లీన్ అని చెప్పింది, కంప్యూటర్ నమ్మి పెట్రోల్ పోసింది, ప్లగ్గులు నల్లబడ్డాయి. మీ బండిలో అబద్ధం చెప్పిన వాళ్ళెవరూ లేరు.

రుజువు చేసుకోండి. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, రాత్రి వదిలేసి పొద్దున్నే, మీ నర్సరీ ట్యాంకులకి వాడే చిన్న ఎయిర్ బ్లోయర్ ఉంటే దాని పైపు సైలెన్సర్ గొట్టంలో పెట్టి గుడ్డ చుట్టి బిగించండి. ఇంజిన్ ఆపే ఉండాలి. కంప్రెసర్ వద్దు, ఆ ఒత్తిడి అక్కర్లేదు. బ్లోయర్ ఆన్ చేసి మానిఫోల్డ్ జాయింట్ల దగ్గర సబ్బు నీళ్ళు బ్రష్‌తో పూయండి. వేడి మీద మాత్రం చెయ్యొద్దు, సెన్సార్ పగులుతుంది.

ముందే చెప్తున్నా, చిల్లి దొరికితే ఎవరో ఒకరు "సిలికాన్ పేస్ట్ పూసేద్దాం, కొత్త ప్యాకింగ్ దండగ" అంటారు. ఒప్పుకోకండి. సిలికాన్ ఆవిరి సెన్సార్ మీద తెల్లటి గాజు పొరలా కట్టి దాన్ని నిజంగానే చంపేస్తుంది.


వనామీ_ఉండి:

ఆలస్యానికి క్షమించండి, మధ్యలో ఒక చెరువులో రొయ్యల పట్టుబడి పడింది.

ఆదివారం పొద్దున బ్లోయర్ పెట్టాను. మా పాలేరు కాసేపు నన్నూ, కారునీ మార్చి మార్చి చూశాడు. "కారుకి కూడా ఏరియేషన్ ఏంటండీ" అన్నాడు. నాలుగో సిలిండర్ దగ్గర, మానిఫోల్డ్ అడుగున, సబ్బు నీళ్ళు పూయగానే చేపపిల్ల నోట్లోంచి వచ్చినట్టు బుడగలు బుడబుడా వచ్చాయి. టార్చి వేసి చూస్తే అక్కడ స్టడ్డు ఒకటి తలే లేదు, తుప్పు పట్టి తెగిపోయింది. దాని పక్కన హెడ్ మీద సన్నటి మసి గీత. మా దగ్గర రోడ్ల మీద ఎప్పుడూ ఉప్పునీళ్ళు కార్చుకుంటూ బండ్లు తిరుగుతాయి, నా కారు చెరువు గట్ల మీదే ఉంటుంది. అందుకే తుప్పేమో.

భీమవరంలో ఒక లేత్ ఆయన తెగిన ముక్కని డ్రిల్ చేసి తీశాడు, సగం రోజు పట్టింది. కొత్త స్టడ్డు, కొత్త ప్యాకింగ్, కూలీ అన్నీ కలిపి 1,900. మీరు చెప్పినట్టే అక్కడున్న కుర్రాడు పేస్ట్ ట్యూబ్ తీశాడు. వద్దన్నాను. ఎందుకన్నాడు. లాకులు, నీళ్ళు అని మొదలుపెట్టాను, మధ్యలోనే వెళ్ళిపోయాడు.

కోడ్ చెరిపేసి, ట్రిమ్‌లు రీసెట్ చేసి పది రోజులైంది. లాంగ్ టర్మ్ +4, షార్ట్ టర్మ్ సున్నా చుట్టూ. ఈ20 వాటా అదేనేమో. ముందు సెన్సార్ ఊగుతోంది, వెనకది 0.68 దగ్గర నిలకడగా ఉంది. వెనకది అలా ఊగకుండా ఉండటం మంచిదేనా? మైలేజీ మొన్నటి ట్యాంకుకి 16.2 వచ్చింది. టిక్ టిక్ లేదు. లైట్ లేదు.


కార్బురేటర్_బాబాయ్ (రావులపాలెం):

వెనకది నిలకడగా ఉండాలండి. రెండు సెన్సార్ల మధ్య ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ ముందు నుంచి వచ్చే ఊపుని మింగేస్తుంది, వెనకకి ప్రశాంతంగా పంపుతుంది. అది కూడా ముందు దానిలా ఊగిందంటే కన్వర్టర్ పని అయిపోయినట్టు. రెండు నెలలు అంత పెట్రోల్ తాగినా మీది తట్టుకుంది.

మొదటి మెకానిక్ తీసేసిన పాత సెన్సార్ ఉందా, పారేశారా?


వనామీ_ఉండి:

ఉందండి. డాష్‌బోర్డ్‌లో పడేశాను.


కార్బురేటర్_బాబాయ్ (రావులపాలెం):

అయితే పటకారుతో పట్టుకుని, దాని మూతి బ్లో టార్చి మంటలో రెండు నిమిషాలు ఉంచండి. సాధారణంగా తెల్లవి రెండూ హీటర్ వైర్లు, వాటి జోలికి వెళ్ళకండి. నలుపు, బూడిద రంగు వైర్లకి మల్టీమీటర్ పెట్టండి. మంట లోపల ఆక్సిజన్ ఉండదు కాబట్టి వోల్టేజి పైకి రావాలి. మంట తియ్యగానే ఎంత వేగంగా పడుతుందో చూసి చెప్పండి.


వనామీ_ఉండి:

మంటలో 0.79. మంట తియ్యగానే సెకను కూడా పట్టలేదు, 0.1 కిందకి పడిపోయింది. ఇంకో రెండుసార్లు చేశాను, అంతే.

అంటే పాతది బాగానే ఉంది. 3,800 పోయాయి.


కోనసీమ_సీఎన్‌జీ:

అన్నా, ఆ పాతది అమ్ముతావా? నా వైరు తగిలించాను, లైట్ వెలుగుతోంది.


కార్బురేటర్_బాబాయ్ (రావులపాలెం):

తమ్ముడూ, ముందు ట్రిమ్‌లు ఎంతో చెప్పు. గ్యాస్ మీద ఒకసారి, పెట్రోల్ మీద ఒకసారి.